అత్త నోట్లో జపాన్ పిల్లనగ్రోవి

మా మేనత్త దశదినకర్మ నాడు వనపర్తిలోని ఒక ఫంక్షన్ హాల్లో, గోడంత ఎల్ఈడీ తెర మీద ఆమెకు రెక్కలు మొలిచాయి. తెల్లటి రెక్కలు. నీలి ఆకాశం, తెల్లటి మబ్బులు, మబ్బుల నడుమ మా అత్త తల. ఆ ఫొటో ఆధార్ కార్డు కోసం దిగింది. క్యూలో నిలబెట్టినందుకు ఆవేళ ఆమెకు వచ్చిన చిరాకంతా ముఖంలో అలాగే ఉంది. ఆ చిరాకు ముఖానికే రెక్కలు తగిలించి మెల్లగా పైకి లేపుతున్నారు. కింద చుట్టాలంతా బగారన్నం, మాంసం కూర కలుపుకుంటూ తలెత్తి చూస్తున్నారు. వెనక నుంచి ఒక పిల్లనగ్రోవి ఏడుస్తోంది.

"థూ!" అన్నాను. పైకే అన్నాను. పక్కన కూర్చున్నావిడ తన కూరలో ఏమన్నా పడిందేమోనని ప్లేటు చూసుకుంది.

ఆ పిల్లనగ్రోవి నాకు తెలుసు. మా అత్తకూ తెలుసు. బతికుండగా ఒకసారి ఆమె నోట్లోంచి కూడా అదే వచ్చింది. ఎలా వచ్చిందో చెప్తాను కానీ, ముందు ఆమె ఎలాంటి మనిషో చెప్పాలి.

దేన్ని చూసినా ముందు అసహ్యపడి, తర్వాత ఆలోచించే మనిషి. ఎదుట ఏదన్నా నచ్చకపోతే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది, అక్కడ కంపు ఉన్నా లేకపోయినా. నోట్లో పోకచెక్క ఉంటే దాన్ని ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చేది. అలా మార్చిందంటే "థూ" వస్తోందని మాకు అర్థమయ్యేది. పెళ్లికి పోతే సంచిలో తన స్టీలు పళ్లెం తనే తెచ్చుకునేది. బఫే దగ్గర నిలబడి తినేవాళ్లను చూసి, "కూసుండనీకి జాగ లేనోళ్లు పెండ్లెందుకు చేస్తరే?" అని, ఎవరిదో కుర్చీ లాక్కుని, గోడ వైపు తిరిగి తినేది. లక్షలు పోసి స్టేజీ కట్టించినవాడు వచ్చి "ఎట్లుంది అత్తా డెకరేషను?" అని అడిగితే, "పూలన్ని ప్లాస్టిక్కే గద బిడ్డ, రేపు బర్రె గూడ తినదు" అనేది. అయినా ఆమె రాకుండా మా ఇళ్లలో పెళ్లి జరిగేది కాదు. కారణం, అప్పగింతలు.

మాది ధరూర్ దగ్గర పల్లె. మా ఇళ్లలో పిల్లను అత్తారింటికి పంపే ముందు ఒక పాట ఉంటుంది. కన్నతల్లి పాడకూడదు. తల్లి గొంతెత్తితే పిల్ల అడుగు పడదని మావాళ్ల నమ్మకం. మేనత్తో పెద్దమ్మో పాడాలి. బాణీ అందరిదీ ఒకటే, పత్తి చేలల్లో ఆడవాళ్లు తీసే బాణీయే. మాటలు మాత్రం పిల్లకో రకం. మా అత్త వాటి కోసం పెళ్లికి వారం ముందే దిగేది. సాయానికి కాదు, దర్యాప్తుకు. ఈ పిల్ల చిన్నప్పుడు ఏ గిన్నె సొట్ట పెట్టింది, ఏ కూర తినదు, ఎవరి పక్కన పడుకునేది, అన్నీ ఆరా తీసేది. ఆ తర్వాత సాగనంపేటప్పుడు పెళ్లికూతుర్ని కావలించుకుని, గడ్డం పిల్ల భుజం మీద ఆనించి, చెవిలో మొదలుపెట్టేది. ముందు పెద్దగా గాలి పీల్చేది. ఆ పీల్చే చప్పుడుకే సగం మంది ఏడ్చేవాళ్లు.

నాది ఎడమ చేతివాటం. పుట్టింట్లో అందరితో తిట్లు తిన్నాను. నా పెళ్లినాడు అత్త నా చెవిలో ఇలా ఎత్తుకుంది:

"ఎడమ చేత ముగ్గేసే బిడ్డా, ఏ వాకిట్ల ఏస్తవే ముగ్గు
నీ చెయ్యి తప్పన్న నోరు ఏదో నాకొక్కసారి జూపవే బిడ్డా"

రెండో వాక్యం మాత్రం చెవిలో కాదు. తలెత్తి, ఎదురుగా నిలబడ్డ మా ఆయన తల్లి కళ్లలోకి చూస్తూ పాడింది. ఆ తర్వాత ఆ ఇంట్లో నా చేతి గురించి ఎవరూ మాట్లాడలేదు. నాగర్‌కర్నూల్‌లో మ్యాచింగ్ సెంటర్ పెట్టి ఇన్నేళ్లుగా ఎడమ చేత్తోనే బట్ట కోస్తున్నాను.

నేను అసహ్యం నేర్చుకున్నది ఆమె దగ్గరే. జాకెట్ ముక్కలు, ఫాల్స్ అమ్మేదాన్ని కాబట్టి పెళ్లిళ్లతో నాకు రోజూ పని. ఈ మధ్య పెళ్లిళ్లు ఎందుకోసం జరుగుతున్నాయో నాకు బాగా తెలుసు. వీడియో కోసం. చీర రంగు వీడియోకు నప్పాలి, తలంబ్రాలు వీడియోలో కనపడాలి, తాళి కట్టేవాడు చెయ్యి ఆపి కెమెరా వైపు చూసి నవ్వాలి. పురోహితుడు కూడా "రెడీయా?" అని వీడియోవాణ్ని అడిగి మంత్రం చదువుతున్నాడు. ఛీ.

మా అన్న కూతురు స్రవంతి పెళ్లికి ముందు సోమశిలలో షూటింగ్ పెట్టారు. పెళ్లి కాని పిల్లను ఒంటరిగా పంపకూడదని మా అత్తను, నన్ను తోడిచ్చారు. వీడియోవాడిది వనపర్తిలో స్టూడియో, మా చుట్టాల పెళ్లిళ్లన్నీ వాడే తీస్తాడు. కృష్ణ ఒడ్డున స్రవంతికి బారెడు తోక ఉన్న ఎర్ర గౌను తొడిగి బురదలో పరిగెత్తించాడు. రంగుల పొగ వదిలాడు. పైన డ్రోను. అత్త కొంగు ముక్కు మీద నుంచి దిగనే లేదు.

"అమ్మా, జర పక్కకు జరుగుండ్రి. ఫ్రేముల పడుతున్నరు" అన్నాడు వాడు.

"నేనెందుకు జరుగుత? గంగకొచ్చిన, దండం పెట్టుకుంటున్న. నువ్వే జరుగు."

"కాన్సెప్ట్ ఖరాబైతదమ్మా."

"ఏందిరా అది?"

"ఇద్దరు విడిపోయి, మల్ల ఈడ కలుసుకుంటరు. ఎమోషన్."

పోకచెక్క ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మారింది. "పెండ్లే కాలేదు, విడిపోవుడేందిరా నీ నోట్ల మన్ను వడ! థూ!"

వాడు నవ్వాడు. వాడితో వచ్చిన చిక్కే అది, ఎంత తిట్టినా నవ్వుతాడు.

ఆ పెళ్లి గద్వాలలో జరిగింది. సాగనంపే వేళకు పొద్దు గూకింది. హాలు బయట కారు దగ్గర బారాత్ డీజే బండి చెవులు పగలగొడుతోంది. అత్త పోయి ఆ డీజే అబ్బాయి ముందు నిలబడి, వాడు ఆపేదాకా కదల్లేదు. తర్వాత స్రవంతిని కావలించుకుంది. నేను చీరల పెట్టెకు కాపలాగా అవతల నిలబడి ఉన్నాను, ఒక్క మాట వినపడలేదు. స్రవంతి మాత్రం అత్త నడుం పట్టుకుని విడవలేదు. వీడియోవాడు లైటు తెచ్చి వాళ్ల కళ్లలో కొడుతూ చుట్టూ తిరిగాడు.

పెన్ డ్రైవ్ వచ్చాక గద్వాలలో అన్న ఇంట్లో అందరం టీవీ ముందు కూర్చున్నాం. పెళ్లి సినిమా చూడటమూ మాకు ఒక పెళ్లే, మళ్లీ వంటలు, మళ్లీ చుట్టాలు. వెనక్కు నడుస్తున్న మేఘాలు, స్లో మోషన్‌లో ఎగిరే బియ్యం, స్రవంతి కంటి రెప్ప ఒక నిమిషం సేపు. అన్నీ భరించాం. అప్పగింతలు వచ్చాయి. తెర నిండా అత్త ముఖం. నోరు తెరిచింది. పిల్లనగ్రోవి ఊదింది.

తెర మీద అత్త నోరు కదులుతోంది, కళ్లు మూసుకుంది, గొంతు నరాలు తేలాయి. వినపడేది మాత్రం సన్నగా, దూరంగా, గాలి పోతున్నట్టు ఒక వేణువు.

"ఓసి నీ! నా నోట్లకెల్లి ఎవడో ఊదుతుండు గదనే!" అంది అత్త.

ఇల్లంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అక్కడే వీడియోవాడికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"సినిమా పాట పెడితే యూట్యూబుల కాపీరైట్ పడ్తది మేడం. వీడియో లేపేస్తరు. ఇది జపాన్ మ్యూజిక్, ఫ్రీ. మస్తు ఎమోషన్ ఉంటది."

"సినిమా పాట ఎవరు పెట్టమన్నరు? మా అత్త పాడింది గదా, అదేమైంది?"

"అమ్మ వాయిస్‌ల డిస్టర్బెన్స్ ఎక్కువుంది మేడం. మ్యూట్ చేసిన."

అది విన్నాక నా ఒళ్లు మండిపోయింది. అత్తకు మాత్రం కోపం రాలేదు. ఆమె అడిగింది వేరే.

"జపానంటే యాడుందే?"

"సముద్రం అవతల, అత్తా."

"మల్లొకపారి పెట్టు."

పెట్టాను. కొంగు ముక్కు మీద లేదు. తల వంచి, టీవీ చూడకుండా వింది. అంతా అయ్యాక, "మంచిగనే ఏడుస్తుండు పాపం. ఎవరో పోయినట్టుండ్రు వానికి" అంది. పోకచెక్క నోట్లో వేసుకుని, "గాని పిల్ల పేరు తెల్వదు గద వానికి. పేరు తెల్వకుంట ఎట్ల ఏడుస్తడు?" అంది.

ఆ మాట నాలో ఉండిపోయింది. దుకాణంలో మధ్యాహ్నం బేరం ఉండని వేళ ఆ సంగీతం ఫోన్లో వెతికి వినడం మొదలుపెట్టాను. అది వెదురు గొట్టమట, షాకుహాచి అంటారట. వాయించేవాడు స్వరానికీ స్వరానికీ నడుమ ఊరికే ఉంటాడు. ఆ ఖాళీలో వాడు గాలి పీల్చే చప్పుడు వినిపిస్తుంది. దాన్ని తీసెయ్యడు, దాచడు. జాకెట్ ముక్కలకు వచ్చినవాళ్లు "ఎవరన్న కాలం చేసిండ్రా మేడం?" అని అడిగేవాళ్లు. జపాన్ అన్నా వాళ్లకు పట్టేది కాదు, మెరూన్‌కు మ్యాచింగ్ చూపించమనేవాళ్లు. నిజం చెప్పాలంటే నాకు ఆ వెదురు మీద అసహ్యం పుట్టలేదు, పుట్టించుకుందామని చూసినా పుట్టలేదు. ఎవడో తన దుఃఖం తాను ఊదుకున్నాడు. దాన్ని తెచ్చి మా అత్త నోట్లో కుక్కినవాడి మీదే నా అసహ్యమంతా.

మోకాళ్ల నొప్పులకు దవాఖానలో చూపించుకోవడానికి అత్త కొన్నాళ్లు నాగర్‌కర్నూల్ వచ్చి నా దగ్గర ఉంది. పగలు టీవీలో మన కుటుంబ కథలు వచ్చేవి. చూసినంతసేపూ ఇద్దరం తిట్టేవాళ్లం. ఒకే ఇంట్లో ముప్పై మంది, అందరూ కొత్త బట్టల్లో. పడుకుని లేచిన ఆడమనిషి ఒంటి మీద పట్టుచీర, ఒక్క ముడత ఉండదు. ఆ చీరల మీదకు మ్యాచింగ్ అడిగి నా ప్రాణం తీసే ఆడవాళ్లను తల్చుకుని నేను తిట్టేదాన్ని. అత్త వేరే లెక్కన తిట్టేది. "అంత మంది తింటరు, గిన్నెలు కడిగేటిది ఒక్కతన్న కనపడ్తదా సూడు. థూ, పాసి ఇల్లు!"

ఒకనాడు విసుగొచ్చి ఫోన్‌ను టీవీకి కలిపి ఒక జపాన్ కుటుంబ సినిమా పెట్టాను, పాతది, నలుపూ తెలుపూ. కింద వచ్చే అక్షరాలు చదివి అత్తకు మన మాటల్లో చెప్పాను. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక తల్లి, పెళ్లి కుదిరిన కూతురు. ఇద్దరూ చాపల మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతుంటారు. "వాన వచ్చేలా ఉంది" అంటుంది తల్లి. "అవును" అంటుంది కూతురు. అంతే. అత్త మధ్యలో "సప్పుడు లేదేందే? కరెంటు పోయిందా?" అని అడిగింది. తర్వాత ఆ రాళ్లు ఏరడంలో పడి ఊరుకుంది. "ఈమెకు ఏరొస్తది. ఏళ్ల నుంచి ఏరిన చెయ్యి" అని ఒక సర్టిఫికెట్ కూడా ఇచ్చింది. కూతురు పెళ్లయి వెళ్లిపోయింది. తల్లి ఒక్కతే చాట ముందు కూర్చుంది. వెదురు ఊదడం మొదలైంది.

"అప్పగింతలు అయిపోయినయా?" అంది అత్త.

"అయిపోయినయి."

"ఎవ్వలు ఏడ్వనే లేదు గద!"

"వాళ్లు పైకి ఏడవరు అత్తా."

అత్త తెర వైపే చూస్తూ పోకచెక్కను బుగ్గ మార్చింది. థూ వస్తుందనుకున్నాను, రాలేదు. "అందుకే ఆ గొట్టం పెట్టుకున్నరు. ఏడ్వనోళ్లకు గొట్టం కావాలె. మనకెందుకే కోడలా, మనకు నోరుంది గద" అంది.

ఆ సాయంత్రమే ఫోన్ తీసి, "అత్తా, ఒక పాట పాడు, రికార్డు చేస్త" అన్నాను. మొహం వాచేలా తిట్టింది. "యాడ పిల్ల? పిల్ల లేంది ఎవరికి పాడాలె, నీ ఫోన్‌కా? నీకు పాడింది నీకు యాదికున్నదా లేదా?"

"ఉన్నది."

"మరింకేం కావాలె? ఆ పిల్ల ఇంటె సాలు. ఊరంతా ఇనాల్నా?"

"సుజాతకు లేదు గద అత్తా" అన్నాను. సుజాత ఆమె ఒక్కగానొక్క కూతురు, వనపర్తిలోనే ఇచ్చారు. కన్నతల్లి పాడకూడదు కాబట్టి సుజాత పెళ్లినాడు అత్త నోట్లో కొంగు కుక్కుకుని నిలబడింది. పాడటానికి వచ్చిన పెద్దమ్మకు మాటలు కట్టడం రాక, ఏ పిల్లకైనా సరిపోయే ఏదో గాలిపాట పాడి వదిలేసింది. ఊరందరి పిల్లలకూ పాట ఉంది, సుజాతకు లేదు.

అత్త నా చేతిలోని ఫోన్ తీసి పక్కన పెట్టింది. "దాని బిడ్డకు పాడ్త. ఈ మాఘంల ఎట్లన్న చేస్తరు గద. అప్పుడు బిడ్డ కాడ నిలవడి అది గూడ ఇంటది" అంది. సుజాతతో కూడా అదే మాట అన్నదని నాకు తర్వాత తెలిసింది.

మాఘం దాకా ఆమె ఉండలేదు. జ్వరమని పడుకుంది, లేవలేదు. తర్వాతిది ముందే చెప్పాను, రెక్కలు.

ఆ రెక్కల వీడియో సుజాత మొగుడు వేయించాడు. చెడ్డవాడు కాదు, ఫ్లెక్సీలతో కలిపి ప్యాకేజీ అన్నారట, సరేనన్నాడు. చేసింది ఆ వీడియోవాడే. పెళ్లిలో పిల్లను సాగనంపడానికి వాడిన సంగీతాన్నే తెచ్చి అత్తను సాగనంపడానికి పెట్టాడు. వాడి దగ్గర "ఎమోషన్" అని ఒక ఫోల్డరు ఉంది. పెళ్లీ చావూ అందులోంచే తీస్తాడు.

చుట్టాలు వెళ్లిపోయాక సుజాత నన్ను పక్కకు తీసుకెళ్లింది. "వదినె, నాకొక పని చేసి పెట్టు. మా అమ్మ గొంతు యాడన్న దొరుకుతదేమో సూడు. మాఘంల నా బిడ్డను కారెక్కించేటప్పుడు అమ్మ గొంతు ఇనిపించాలె. ఎవరి పెండ్లిల పాడిందైనా సరే, ఎవరి పేరున్నా సరే. నాకు గొంతు కావాలె."

వెతికాను. ఎన్నెన్ని పెళ్లి సినిమాలు చూశానో! నా పెళ్లి క్యాసెట్ గద్వాలలో ఒక స్టూడియోలో ఇస్తే, బూజు పట్టిన టేపును ఎలాగో నడిపించారు. అప్పగింతల దగ్గర నా తల ఒక తామరపువ్వులోంచి పుట్టుకొచ్చింది, సినిమా పాట మోగింది, అత్త నోరు మూగగా ఆడింది. తర్వాత కాలపు సీడీల్లోనూ అంతే, పాట మారింది. ఆ తర్వాతి పెన్ డ్రైవుల్లో జపాన్ వాడు. చుట్టాల ఫోన్లలో ముక్కలు దొరికాయి, వాటి మీద డీజే మోత, లేకపోతే స్టేటస్‌లో పెట్టుకోవడానికి తగిలించిన పాట. మా వంశంలో ఇన్ని పెళ్లిళ్లు, అన్నిట్లో ఆమె నోరు తెరుచుకునే ఉంది, ఒక్కదాంట్లో గొంతు లేదు. ఇంత డబ్బు పోసి, ఇంత వెలుగు పెట్టి, మనం దాచుకున్నది మూగబొమ్మలనా? కక్కొచ్చింది నాకు. ఆ మాట కూడా ఆమెదే.

స్రవంతికి ఫోన్ చేశాను. "నీ చెవుల ఏం పాడిందో చెప్పు, రాసుకుంట."

"యాదికుంది అత్తా. కానీ చెప్పను. అది నాది" అంది. కోపం వచ్చింది కానీ, నాది కూడా అప్పటిదాకా నేను ఎవరికీ చెప్పలేదని గుర్తొచ్చి ఊరుకున్నాను.

చివరికి వనపర్తి పోయి ఆ వీడియోవాడి ముందే కూర్చున్నాను. నవ్వాడు. "కట్ చెయ్యకముందుటి రా ఫుటేజ్ ఉంచం మేడం. డెలివరీ అయినంక లేపేస్తం." నేను లేవలేదు. డీజే ముందు అత్త నిలబడ్డట్టే కూర్చున్నాను. వాడు విసుక్కుంటూ పాత డిస్కులన్నీ తిరగేశాడు. స్రవంతి పెళ్లిలో రెండో కెమెరాది ఒక చిన్న ముక్క మిగిలింది. పనికిరాని ముక్క కాబట్టి వేరే ఫోల్డర్లో పడి, తుడవకుండా ఉండిపోయిందట.

వినిపించాడు. మొదట గోల. తర్వాత వీడి గొంతే: "అమ్మా, ఒక్క నిమిషం ఆగుండ్రి. డ్రోన్ లేస్తలేదు. మల్ల మొదటి నుంచి ఏడ్వుండ్రి."

తర్వాత మా అత్త. ఎంత దగ్గరగా ఉందంటే నేను ఉలిక్కిపడ్డాను.

"థూ! ఏడ్పు గూడ మల్ల మొదటి నుంచి ఏడుస్తరార? పిల్ల కండ్లల్లకెల్లి లైటు తియ్యి! తియ్యిరా లైటు!"

ఆ తర్వాత ఆమె గాలి పీల్చింది. లోపలికి, పొడుగ్గా, పక్కటెముకలు విచ్చుకునేలా. మొదటి మాట వచ్చేలోపు ముక్క అయిపోయింది.

"కార్డు నిండింది మేడం" అన్నాడు వాడు.

సుజాతకు వినిపించడానికి భయపడ్డాను. పాట అడిగితే తిట్టు తెచ్చానని. ఆమె వంటింట్లో నిలబడి వింది. "థూ" దగ్గర నవ్వింది, గాలి పీల్చిన దగ్గర గట్టు పట్టుకుని కింద కూర్చుంది. మళ్లీ మళ్లీ పెట్టించుకుంది. "ఇదే పెడదాం వదినె" అంది.

"ఇది తిట్టు గద సుజాతా."

"మా అమ్మ పాడిన పాట నేనెన్నడు ఇనలే. తిట్టు మస్తు ఇన్న. నాకు ఇదే అమ్మ."

మాఘంలో పెళ్లి జరిగింది. మళ్లీ అదే వీడియోవాడు, అదే డ్రోను. పొద్దు గూకాక, హాలు బయట కారు దగ్గర, సుజాత బిడ్డ గౌరి తల్లి ఎదుట నిలబడింది. చుట్టాలు మూగారు. పాడేవాళ్లు ఎవరా అని అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటున్నారు. వీడియోవాడు లైటు తెచ్చి గౌరి కళ్లలో కొట్టాడు. పిల్ల ఏడవలేక, కళ్లు చికిలించి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను డీజే బండికి ఫోన్ కలిపి నొక్కాను.

"థూ!"

అంతెత్తు స్పీకర్ డబ్బాల్లోంచి మా అత్త. జనం అదిరిపోయారు. "ఏడ్పు గూడ మల్ల మొదటి నుంచి ఏడుస్తరార? పిల్ల కండ్లల్లకెల్లి లైటు తియ్యి! తియ్యిరా లైటు!"

వీడియోవాడి చెయ్యి దానంతటదే పోయి లైటు ఆపేసింది. ఆ గొంతు ఎవరిదో, ఆ తిట్టు ఎవరికో వాడికి తెలుసు. మొదటిసారి వాడు నవ్వకపోవడం చూశాను. కారు చుట్టూ చీకటి పడింది. అప్పుడు ఆ డబ్బాల్లోంచి అత్త గాలి పీల్చింది. అంత పెద్ద ఊపిరి వీధి మొత్తానికీ వినిపించింది, ఆగిపోయింది.

ఆగిన చోట సుజాత అందుకుంది.

కన్నతల్లి పాడకూడదు. ఎవరూ ఆ మాట అనలేదు. గొంతు బాగాలేదు, బాణీ తప్పింది, మధ్యలో రెండుసార్లు విరిగింది. బిడ్డ భుజం మీద గడ్డం ఆనించి, బిడ్డ పేరు పెట్టి పిలిచి, ఏవో చెప్పింది. నేను పక్కనే ఉన్నాను, అంతా విన్నాను. ఇక్కడ మాత్రం రాయను. అది గౌరిది. అయ్యాక గౌరి అడుగు పడింది, కారెక్కింది.

పెన్ డ్రైవ్ వచ్చాక అందరం సుజాత ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాం. మేఘాలు, బియ్యం, కంటి రెప్ప. ఇప్పుడు సుజాత నోరు తెరుస్తుంది, ఇప్పుడు ఆ జపాన్ వాడు ఊదుతాడు అని కాచుకుని చూస్తున్నాను. తలంబ్రాలు అయ్యాయి, భోజనాలు అయ్యాయి, ఒక్కసారిగా కారు వెళ్లిపోతూ కనిపించింది. సినిమా అయిపోయింది.

ఫోన్ చేశాను. "అప్పగింతలేవి?"

"లైటు లేకుండె గద మేడం" అన్నాడు, కొంచెం భయంగా. "అంతా నల్లగ వచ్చింది. ఏం కనపడ్తలేదు. ఆ పార్టు మొత్తం తీసేసిన."

వాణ్ని తిడదామని నోరు తెరిచాను. తిట్టు రాలేదు. "మంచి పని చేసినవు బిడ్డ" అని పెట్టేశాను.